మొదటి ఎర్రదారం

మా మనవరాలు వరంగల్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. మొన్న వేసవి సెలవులకు వచ్చి, అరుగు మీద కూర్చుని, లావుపాటి రికార్డు పుస్తకంలో ఏవో అంకెలు ఎక్కిస్తుంటే ఏమిటే అవి అని అడిగాను.

"ఎలుకలు అమ్మమ్మా" అంది.

మగ ఎలుకలకు రెండు నెలలపాటు నీళ్లలో సీసం కలిపి తాగించారట. కొన్నింటికి మాత్రం వట్టి నీళ్లే. తర్వాత వాటి వీర్యకణాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి లెక్కబెడితే, సీసం తాగిన వాటికి సగానికి సగం పడిపోయాయట. మిగిలినవి కూడా సరిగ్గా కదలడం లేదట. వాటితో కలిపిన ఆడ ఎలుకల్లో చాలా వాటికి పిల్లలే పుట్టలేదట. ఇదంతా చెప్పి, ఈ ముసలిదానికి ఏం అర్థమై ఉంటుందిలే అన్నట్టు నా ముఖం వంక చూసింది.

"మరి ఆ పిల్లలు కాని ఆడ ఎలుకలను, సీసం తాగని మగవాటితో కలిపి చూశారా?" అన్నాను.

దాని చేతిలో పెన్ను ఆగిపోయింది. "అది వచ్చే నెల చేయాలి. నీకెట్ల తెలుసు?"

తెలియక చస్తానా! ఆ పరీక్ష ఏమవుతుందా అని మూడు నెలలు ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చున్నదాన్ని. నా కాపురం నిలబడింది ఆ పరీక్ష మీద. నువ్వు రాస్తున్నావే ఆ రికార్డు, దాన్ని మా ఊళ్లో నువ్వు పుట్టక ముందే, మీ అమ్మ పుట్టక ముందే, ఒక మనిషి పలక మీద రాశాడు. ఎలుకలు కావు, కుందేళ్లు. పంజరాలు లేవు, ఈత గంపలు. అంతే తేడా.

ఆయన పేరేమిటో నాకు తెలియదు. జనగామ పశువుల దవాఖానలో కాంపౌండరు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎద్దు కొమ్ము తగిలి ఎడమ చెవి తమ్మె చీలిపోయి ఉండేది. జనగామలో కంపోండరు సాబ్ అనేవాళ్లు. మా ఊళ్లో మొదట చేతబడి చేసే బాణామతోడు అన్నారు, చివరికి బాపు అన్నారు. దొరల మీద, నిజాం మీద తిరగబడ్డ సంఘంతో సంబంధం ఉన్నవాళ్లు అసలు పేర్లు బయటపెట్టని రోజులవి. అడిగితే తప్పు, చెబితే ముప్పు. అందుకని ఎవరూ అడగలేదు.

ఆయన అలవాట్లు మాత్రం చూస్తే మరిచిపోయేవి కావు. మనుషులను కూడా ఎద్దులను చూసినట్టే చూసేవాడు. ఎవరైనా ఒంట్లో బాగాలేదంటే నాడి పట్టుకోవడం కాదు, బొటనవేలితో పైపెదవి ఎత్తి చిగుళ్లు చూసేవాడు. పెద్ద మనిషా, చిన్న మనిషా అని లేదు. తినబోయే ముందు చేతులు మూడుసార్లు కడిగి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, అప్పుడు ముద్ద కలిపేవాడు. ఎదుటివాడు కడుక్కోకుండా కూర్చుంటే వాడి ముందు నుంచి పళ్లెం లాగేసేవాడు. ఇంకో చిత్రం ఏమిటంటే, మనుషులందరినీ నువ్వు అనేవాడు, సంఘం పెద్దను కూడా. మర్యాదలన్నీ జంతువులకే. "దయచేయుండ్రి, జర ఇటు తిరుగుండ్రి" అని బర్రెతో అంటుంటే మేం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్లం. "నోరులేనోళ్లు గదా, మనమన్న మర్యాద ఇయ్యాలె" అనేవాడు.

ఆయన నోట రోజుకు పదిసార్లు వచ్చే మాట ఒకటుంది, విన్నది వదిలేసి కళ్లతో చూసింది చెప్పమని. "ఇన్నది పక్కకు వెట్టు. జూసింది జెప్పు."

ఆ మాట నేను మొదటిసారి విన్నప్పుడు నన్నే అన్నాడు.

మాది దేవరుప్పుల దిక్కు ఊరు. మా అత్తకు గొర్రెల మంద ఉండేది. మా ఆయన మాత్రం మంద వెంట పోకుండా రైలు వంతెనలకు రంగులేసే గ్యాంగులో చేరాడు. జనగామ నుంచి మానుకోట దాకా ఉన్న వంతెనలన్నీ వాళ్లవే. పాత రంగు, తుప్పు గీకాలి. ఎర్ర సీసం పొడిని నూనెలో కలిపి పూయాలి. అంజన్న విగ్రహానికి పూసే సింధూరం లేదూ, అదే పొడి, డబ్బాలకు డబ్బాలు. సాయంత్రానికి మనిషి నెత్తి నుంచి కాళ్ల దాకా ఎర్రగా అయ్యేవాడు. ఆ చేతులతోనే సద్ది తినేవాడు. కంట్రాక్టరు సబ్బు ముక్క ఇచ్చిన పాపాన పోలేదు.

నేను కాపురానికి వచ్చి ఆరేళ్లయినా కడుపు పండలేదు. మా అత్త చేయించని మొక్కు లేదు, మింగించని వేరు లేదు. ఆ సంవత్సరం ఆమె ఓపిక అయిపోయింది. "ఇగ నీతోని కాదే" అని, బచ్చన్నపేటలో కొడుక్కి ఇంకో పిల్లను చూసింది. నన్ను మా పుట్టింటికి సాగనంపడం ఒకటే మిగిలింది. మా ఆయన మంచివాడే, కానీ తల్లి మాటకు ఎదురు చెప్పే రకం కాదు. తల వంచుకుని రంగు గీక్కుంటూ పోయాడు.

అలాంటి రోజుల్లో జనగామ దగ్గర గ్యాంగు డేరాలు వేసుకుంటే, నేనూ అక్కడ ఉన్నాను. ఒక ఆవు రంగు డబ్బా మూత నాకి, గిలగిలా కొట్టుకుని పడిపోయింది. కాంపౌండరును పిలిపించారు. ఆయన వచ్చేసరికే ఆవు పోయింది. దాని తల నిమిరి, "మాఫ్ చేయుండ్రి తల్లీ, ఆలస్యమైంది" అన్నాడు. తర్వాత డబ్బా చూశాడు, మూత చూశాడు. మా ఆయన దగ్గరికి పోయి, చెప్పా పెట్టకుండా పైపెదవి ఎత్తాడు. చిగుళ్ల అంచున సన్నగా నీలం గీత, సీసం ఒంట్లోకి ఎక్కితే వచ్చేది. పక్కవాడి పెదవి ఎత్తాడు. వాడికీ నీలం గీతే. తొమ్మిది మందివీ చూసి, డేరాల మధ్య ఒక చుట్టు తిరిగి వచ్చాడు.

"తొమ్మిది డేరాలున్నయ్. తొట్టెల ఒక్కటన్న లేదేంది?" అన్నాడు.

తొట్టెల అంటే చంటిపిల్లల ఉయ్యాల. ఇద్దరికి పిల్లలున్నారు గానీ, వాళ్లు గ్యాంగులో చేరక ముందు పుట్టినవాళ్లు. అది కూడా ఆయనే గుచ్చి గుచ్చి అడిగి రాబట్టాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నీకెంతమంది బిడ్డా?"

"లేరు. నేను గొడ్రాలిని" అన్నాను. ఆరేళ్లుగా విని విని, నా పేరు చెప్పినట్టే చెప్పాను.

"జూసినవా, ఇన్నవా?"

"ఆ?"

"గొడ్రాలివని నువ్వు జూసినవా, ఇన్నవా?"

"అందరు అంటున్నరు."

"అంటే ఇన్నవు. ఇన్నది పక్కకు వెట్టు." అలా అని, డబ్బా అడుగున మిగిలిన ఎర్ర పొడిని ఒక చిన్న డబ్బాలోకి వంపుకుని వెళ్లిపోయాడు. ఈయనకు పిచ్చి అనుకున్నాను. అయినా ఇంటికి పోయేదాకా ఆ మాట నా చెవిలో తిరుగుతూనే ఉంది.

ఆ తర్వాత సంగతి ఆయన చెబితేనే తెలిసింది. రైల్వే ఆఫీసరు ఒకాయన బదిలీ అయి పోతూ, బంగళాలో పెంచుకున్న తెల్ల కుందేళ్లను పశువుల దవాఖానలో వదిలేశాడట. నాలుగు మగవి, నాలుగు ఆడవి. కాంపౌండరు మగవాటిని రెండు జతలు చేశాడు. ఒక జతకు జొన్నపిండిలో ఎర్ర పొడి చిటికెడు కలిపి పెట్టాడు. ఇంకో జతకు వట్టి పిండి. కలిసిపోకుండా మొదటివాటి చెవులకు ఎర్రదారం, రెండోవాటికి తెల్లదారం కట్టాడు. ఏ రోజు ఏం పెట్టిందీ పలక మీద ఎర్ర గీతలు, తెల్ల గీతలుగా రాసుకున్నాడు.

రెండు నెలలు గడిచేసరికి పోలీసు జమేదారు వచ్చాడు. కాంపౌండరు సంఘం వాళ్ల గాయాలకు కట్లు కడుతున్నాడని ఎవరో చాడీ మోశారు. జమేదారు ఇల్లంతా వెతికితే దొరికింది ఆ పలక.

"ఈ ఎర్ర గీతలెవరు?"

"చెవులపిల్లులు సాబ్. మగయి."

"తెల్ల గీతలు?"

"అయి గూడ మగ చెవులపిల్లులే సాబ్."

దళంలో ఎంతమంది ఉన్నారో లెక్క రాసుకున్నాడని జమేదారుకు గట్టి నమ్మకం కుదిరింది. పెద్ద ఆఫీసరును పిలుచుకొస్తానని అటు పోగానే, కాంపౌండరు రెండు గంపలు కావడికి కట్టుకుని జనగామ దాటేశాడు. బట్టలు వదిలేశాడు, చెప్పులు వదిలేశాడు. కుందేళ్లను, ఎర్ర పొడిని, పలకను మాత్రం వదల్లేదు. నేరుగా మా ఊరికి వచ్చాడు. అప్పటికి మా దొర తన గడిని, కోటలాంటి ఇంటిని, వదిలి పట్నం పారిపోయాడు. ఊరు సంఘం చేతుల్లో ఉంది.

మా ఊళ్లో ఆయనకు దొరికిన స్వాగతం ఏమని చెప్పను! ఒక కొత్త మనిషి. చీలిన చెవి. గంపలో తెల్లటి జంతువులు, వాటి చెవులకు ఎర్రదారాలు. పక్కన డబ్బాలో సింధూరం. పిండిలో ఆ సింధూరం కలిపి, గొంతు తగ్గించి "ఆరగించుండ్రి" అంటున్నాడు. ఇంకేం కావాలి? చీకటి పడకముందే ఊరంతా బాణామతి అని గుప్పుమంది. పైగా ఆయన కుందేళ్లకు ఏం చేస్తున్నాడో దాచలేదు. ఎవరు అడిగినా "మగతనం పోతదా అని చూస్తున్న" అని ఉన్నమాట చెప్పాడు. మగవాళ్లు ఆయన దిగిన ఇంటి ముందు నుంచి పోవడం మానేసి, చుట్టూ తిరిగి చేలకు పోయారు.

అందరికంటే ముందు పంచాయితీకి పోయింది మా అత్త.

సంఘం పంచాయితీ గడి ముంగిట్లోనే జరిగేది. ఒకప్పుడు ఆ ముంగిట్లోకి మేం చెప్పులు చేత పట్టుకుని పోయేవాళ్లం. ఇప్పుడు మా అత్త చెప్పులతో టకటకా పోయి నట్టనడుమ నిలబడింది. నేను మెట్ల పక్కన కూర్చున్నాను. ఆ రోజు రెండు ఫిర్యాదులు. ఒకటి, కోడలు గొడ్రాలు కాబట్టి కొడుక్కి రెండో పెండ్లికి సంఘం ఒప్పుకోవాలని. రెండోది, ఈ బాణామతోణ్ని ఊరి నుంచి వెళ్లగొట్టాలని.

"నా కొడుకు మగతనాన్ని తీసి చెవులపిల్లికి కట్టిండయ్యా! ఎర్రదారం జూడుండ్రి!" అని అరిచింది.

సంఘం పెద్ద నవ్వు ఆపుకుంటూ కాంపౌండరు వైపు చూశాడు. ఆయన లేచి, మా అత్త ఎదురుగా వచ్చి నేల మీద కూర్చున్నాడు.

"అక్కా, నీ మందల ఒక గొర్రె ఈనకపోతె ఏం జేస్తవ్?"

"సంతల అమ్ముత. ఏం జేస్త?"

"పది గొర్లు ఈనకపోతె?"

"పొట్టేలును మారుస్త" అంది మా అత్త, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

"గొర్లను అమ్మవా?"

"పిచ్చా నాకు? పదింటికి పది గొడ్డుపోతయా? తప్పు పొట్టేలుదే ఉంటది."

"మరి రంగుల గ్యాంగుల తొమ్మిది మంది ఆడోళ్లున్నరు. గ్యాంగుల జేరినంక ఒక్క తొట్టెల కట్టలే. ఏం మారుద్దమక్కా?"

 నలభై ఏళ్లు మంద కాసిన మనిషికి ఆ లెక్క అర్థం కాకపోవడమేం? అర్థమైంది కాబట్టే కోపం నషాళానికి ఎక్కింది. "నా కొడుకును పొట్టేలంటవా!" అని కర్ర ఎత్తింది. నలుగురు పట్టుకున్నారు.

కాంపౌండరు కదల్లేదు. "నా మాట నమ్మకు. నేను జెప్పేది గూడ నీకు ఇన్నదే. చెవులపిల్లులను నీ ఇంట్లనే పెట్టుకో. నీ చేతులతోనే మేత వెయ్యి. నేను పొడి గలిపిచ్చిన పిండి ఎర్రదారపోళ్లకు పెట్టు, వట్టి పిండి తెల్లదారపోళ్లకు. ఆడవాటిని ఎవరి దగ్గర ఇడిశేది నువ్వే ఇడువు. జూసింది నువ్వే పంచాయితీకి జెప్పు" అన్నాడు.

ఎదుటి పక్షాన్నే సాక్షిగా పెట్టుకునే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. సంఘం మూడు నెలలు గడువిచ్చింది. అప్పటిదాకా రెండో పెండ్లి మాట ఎత్తకూడదు. కుందేళ్లు ఏం చెబితే అదే తీర్పు. నా బతుకు రెండు ఈత గంపల్లోకి పోయిందని ఆ సాయంత్రం ఏడ్చాను. ఎందుకు దాచాలి, బాగా ఏడ్చాను.

మా అత్త ఏ పనైనా పంతం మీద చేస్తుంది. కాంపౌండరును గంపల ఛాయలకు కూడా రానివ్వలేదు. మొదటి నెల తిరిగేసరికి తెల్లదారం వాటి దగ్గర వదిలిన రెండు ఆడవీ ఈనాయి, ఒకటి ఐదు, ఒకటి ఆరు. ఎర్రదారం వాటి దగ్గర వదిలినవి ఈనలేదు.

"సూసినవా? గా రెండు ఆడయి గొడ్డుయి. నా కోడలసొంటియి" అంది మా అత్త విజయగర్వంతో.

"కావచ్చు" అన్నాడు కాంపౌండరు. "ఎట్ల తెల్సుకుందం?"

ఆయన చెప్పలేదు. చూస్తూ కూర్చున్నాడు. మా అత్త గడ్డి పరక నములుతూ కాసేపు ఆలోచించి, "మార్చి జూస్త" అంది. "గొడ్డుయి తెల్లదారపోళ్ల దగ్గరికి. ఈనినయి, పిల్లలు గడ్డి కొరకంగనే, ఎర్రదారపోళ్ల దగ్గరికి."

కాంపౌండరు లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. "అక్కా, మీరు చానా తెలివైనోళ్లు" అన్నాడు. మనిషిని ఆయన మీరు అనడం అదే మొదలు. మా అత్తకు ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు.

రెండో విడత కుందేళ్లు ఇంకా ఈనక ముందు, ఒక పొద్దున రజాకార్లు వస్తున్నారని కబురొచ్చింది. రాళ్లు రువ్వే వడిసెలలు పట్టినవాళ్లు ఊరి ముందుకు, మిగతావాళ్లు చేలలోకి. ఎవరికి దొరికింది వాళ్లు నెత్తిన పెట్టుకుని పరుగెత్తాం. మా ఇంట్లో ఇత్తడి బిందెలున్నాయి, మా అత్త కాళ్ల కడియాలున్న మూట ఉంది. వెనక్కి తిరిగి చూస్తే, మా అత్త అవన్నీ వదిలేసి ఆడ కుందేళ్ల గంప నెత్తిన పెట్టుకుని ఉరుకుతోంది. రెండో గంప నా నెత్తిన పెట్టింది.

"బిందెలత్తా!" అన్నాను రొప్పుతూ.

"బిందెలు పిల్లలు పెడ్తయానే? నడువ్!" అంది.

జొన్నచేను నడుమ బోర్లా పడుకున్నాం. ఊళ్లో నుంచి తుపాకుల మోత. ఎవరూ కిక్కురుమనడం లేదు. పసిపిల్లల నోళ్లలో తల్లులు రొమ్ములు కుక్కారు. నా పక్కనే మా అత్త, గంప మీద గొంగడి కప్పి, అంచు ఎత్తి లోపలికి చూస్తోంది. ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకు ఎముక విరిగిందనుకున్నాను. గొంగడి కింద నాకు చోటిచ్చింది. గొడ్డువి అన్న రెండింట్లో ఒకటి తన బొచ్చు తానే పీకి పక్క పరిచి, దానిలో పెట్టిన పిల్లలు. బొటనవేలంత, ఎర్రగా, కళ్లు తెరవకుండా. ఒకటి, రెండు, మూడు... ఏడు.

మా అత్త నోరు మూసుకుని ఉండగా నేను చూసింది ఆ ఒక్క పూటే. అరవడానికి వీల్లేదు. అరిస్తే ఊరికి ఊరు చస్తుంది. ఆ కేకంతా లోపలే అణుచుకుంటే ఆమె ముఖం కందిపోయింది, కళ్ల నుంచి నీళ్లు బొటబొటా కారాయి. నా చేయి మాత్రం వదల్లేదు. ఆరేళ్లలో నా అత్త నా చేయి పట్టుకోవడం అదే మొదటిసారి.

మిట్ట మధ్యాహ్నానికి మావాళ్లు రజాకార్లను తరిమేశారు. పోయినారన్న ఈల వినపడీ వినపడక ముందే మా అత్త లేచి నిలబడింది. జొన్న కంకుల పైన తల పెట్టి, ఆ గొంతుతో, నాలుగు ఊళ్లకు వినపడేలా అరిచింది.

"నా కోడలు గొడ్రాలు గాదూ! ఓ ఊరోళ్లారా! నా కోడలు గొడ్రాలు గాదూ!"

రజాకార్లు పోయినందుకు ఎగిరారో, ఆ కేకకు ఎగిరారో, చేనంతా జనం లేచి కేరింతలు కొట్టారు. నేను అక్కడే కూలబడి నవ్వాను. అంత నవ్వు నాలో ఉందని నాకే తెలియదు.

రెండోదీ మూడు రోజులకు ఈనింది. ఎర్రదారం వాటి దగ్గరికి మార్చిన బాలింతలు మాత్రం ఈసారి ఈనలేదు. గడువు రోజున మా అత్త గంపలు నెత్తిన పెట్టుకుని గడి ముంగిట్లోకి పోయి, చూసింది చూసినట్టు చెప్పింది. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. నేను గెలిచాను.

కానీ పంచాయితీ అప్పుడే అయిపోలేదు. వెనక వరుసలో ఎవడో కిసుక్కుమన్నాడు. "అయితే కొదవ మావోనిదేనాయె! మగోడే గాదన్నట్టు!" నవ్వు అలలా లేచింది. తీర్పు వినడానికి భార్యలతో సహా వచ్చిన గ్యాంగువాళ్లు తొమ్మిది మందీ తలలు దించుకున్నారు. మా ఆయన ముఖంలో నెత్తురు లేదు. లేచి, ఎవరి వంకా చూడకుండా గడి వాకిలి వైపు నడిచాడు.  నా మీద నుంచి దిగిన పేరు ఆయన నెత్తికెక్కింది. అది మోయలేక ఆయన ఏ బావిలోనో పడితే, ఈ గెలుపు ఎవరికి?

"ఆగు తమ్మీ" అన్నాడు కాంపౌండరు.

గంపలో ఉన్న ఎర్రదారపు ఉండ తీశాడు. అందరూ చూస్తుండగా ఒక ముక్క తెంపి, పంటితో పట్టి, తన ఎడమ మణికట్టుకు తానే ముడి వేసుకున్నాడు.

"ఇగ జూసింది జెప్త, ఇనుండ్రి. పసుల దవాఖానల చేరకముందు ఆరేండ్లు నేను రైలు డబ్బాలకు గిదే రంగేసిన. నా పెండ్లాం గంగారం దిక్కు పిల్ల. కడుపు పండలేదని నలుగురంటె ఇన్న. ఇన్నదే నమ్మిన. పుట్టింటికి తోలిచ్చిన. ఆమె మారుమనువు పోయింది. నాలుగేండ్లకు పసుల రోగమొస్తె గంగారం వోయిన. ఆమె ఇంటి ముంగట ముగ్గురు పిల్లలు ఆడుతున్నరు. నాకు మంచినీళ్లిచ్చింది. ఒక్క మాట అనలే." చేయి పైకెత్తి దారం అందరికీ చూపించాడు. "ఎర్రదారం మొదటిది గా చెవులపిల్లిది గాదు. నాది. నవ్వేటోళ్లు నన్ను జూసి నవ్వుండ్రి."

ఒక్కరూ నవ్వలేదు. అంతమంది మగవాళ్ల నడుమ ఒక మగవాడు ఆ మాట అనడం ఆ గడి గోడలు అంతకు ముందు విని ఉండవు. మా ఆయన వాకిట్లోంచి వెనక్కి వచ్చాడు. చేయి చాపాడు. కాంపౌండరు ముడి వేశాడు. తర్వాత గ్యాంగులో ఇంకొకడు వచ్చాడు, ఇంకొకడు. దారం ఉండ సగమైంది. తొమ్మిది మంది భార్యలం నిలబడి చూస్తున్నాం. మాలో ఎవరు మొదలుపెట్టారో గానీ, బతుకమ్మకు కొట్టినట్టు చప్పట్లు మొదలయ్యాయి.

ఆ చప్పట్లు అక్కడితో ఆగలేదు. తెల్లవారి తొమ్మిది మందీ ఎర్రదారం చేతులతో కంట్రాక్టరు ముందు నిలబడి, సబ్బు, నీళ్ల తొట్టి, పనికి వేరే బట్టలు ఇచ్చేదాకా బ్రష్షు ముట్టమన్నారు. వెనక సంఘం ఉంది. వారం తిరక్కుండా అన్నీ వచ్చాయి. మా ఆయన మాత్రం రంగు పని మానేసి తల్లి వెంట మందకు పోయాడు. ఎర్రదారపు కుందేళ్లకు కూడా కాంపౌండరు పొడి మాన్పించాడు. "ఇగ తిరిగొస్తదా రాదా, అది గూడ జూడాలె" అని, పలక మా అత్తకిచ్చి గీతలు గీయడం నేర్పాడు. నాలుగైదు నెలలకు వాటిలో ఒకదాని దగ్గర వదిలిన ఆడదానికి రెండే రెండు పిల్లలు పుట్టాయి. మా అత్త ఊరంతా చక్కెర పంచింది. అప్పటికి మిలిటరీ దిగి సంఘం వాళ్లను పట్టుకుంటోంది. కాంపౌండరు అడవి దారి పట్టాడు. ఆ రెండు పిల్లల సంగతి ఆయనకు చెప్పేవాళ్లు లేకపోయారు. మరుసటి ఏడు నాకు కూతురు పుట్టిన సంగతీ అంతే.

కూతురికి ఆరేళ్లు వచ్చాక, ఆయన భూపాలపల్లి దగ్గర ఒక గూడెంలో పశువులకు మందులిస్తూ ఉన్నాడని తెలిసింది. మా అత్త తన మంద ఉన్నితో నేయించిన గొంగడి ఇచ్చి నన్ను పంపింది. పాక ముందు ఒక లేగదూడ పెదవి ఎత్తి చూస్తున్నాడు. జుట్టు తెల్లబడింది. మణికట్టు మీద వెలిసిపోయిన దారం ఇంకా ఉంది. నన్ను గుర్తుపట్టాడు. నా వెనక దాక్కున్న పిల్లను చూసి, చేతిలో పని వదిలి లేచి నిలబడ్డాడు.

"దయచేయుండ్రి తల్లీ" అన్నాడు నా బిడ్డతో. "మీరు చేతులు కడుక్కోండ్రి. అంబలి తాగుదురు."

నాకు దుఃఖం ఆగలేదు. వెళ్లేటప్పుడు, "బాపూ, నీ పేరన్న చెప్పు. నా బిడ్డకు చెప్పుకుంట" అన్నాను.

నవ్వాడు. "పేరంటె ఇన్నదే గద బిడ్డా. నువ్వు జూసింది జెప్పు."

ఆ తర్వాత కొన్నేళ్లకు పోయాడని విన్నాను. విన్నదే కాబట్టి పక్కకు పెట్టాను.

ఇదంతా విని మనవరాలు రికార్డులో మొదటి పేజీ తిప్పి, "కృతజ్ఞతలు రాసే చోట ఖాళీ ఉంది అమ్మమ్మా, ఏమని రాయను?" అంది. నువ్వే చూసుకో అన్నాను. నా కుట్టుపని డబ్బాలోంచి ఎర్రదారం ఉండ, తెల్లదారం ఉండ అడిగి తీసుకుని బస్సెక్కింది.

నిన్న దాని ఉత్తరం వచ్చింది. "అమ్మమ్మా, పిల్లలు కాని ఆడ ఎలుకలను సీసం తాగని మగవాటి దగ్గరికి మార్చాను. ఈ పొద్దున మొదటిది తొమ్మిది పిల్లలను పెట్టింది. పంజరాలకు ఎర్రదారాలు, తెల్లదారాలు కట్టాను. మా అటెండరు నన్ను బాణామతి పిల్ల అంటున్నాడు. రికార్డు మొదటి పేజీలో 'మొదటి ఎర్రదారం కట్టుకున్న మనిషికి' అని రాశాను. ఇది నేను చూసి రాస్తున్నది."

ఆ ఉత్తరం పట్టుకుపోయి గోడ మీద మా అత్త ఫోటో ముందు నిలబడి, పైకి చదివాను. ఆమె జొన్నచేలో అరిచినంత గట్టిగా, నాలుగిళ్ల అవతల వాళ్లు ఏమైందని బయటికొచ్చేంత గట్టిగా.